కట్టిన ఆనకట్ట, కట్టించిన ఆనకట్ట: ఇంగ్లీషు కర్మణి ప్రయోగ బోధనలో ‘బడు’ ధాతువు

ఇంగ్లీషు వాక్యంలో క్రియకు ముందున్న కర్త స్థానం సాధారణంగా ఖాళీగా ఉండదు. పని చేసినవారెవరో తెలియనప్పుడు, లేదా తెలిసినా చెప్పనక్కరలేనప్పుడు, ఆ పని దేనిమీద జరిగిందో ఆ పదాన్ని, అంటే కర్మను, ముందుకు తెచ్చి ఆ స్థానంలో నిలిపి, ‘బి’ క్రియకు తగిన కాలరూపాన్ని పెట్టి, దానికి అసలు క్రియ మూడో రూపమైన పాస్ట్ పార్టిసిపుల్‌ను చేర్చి చెబుతారు. దీన్నే ప్యాసివ్ వాయిస్ అంటారు. సంస్కృత వ్యాకరణ పరిభాషలో ఇది కర్మణి ప్రయోగం. తెలుగు బడుల్లో దీన్ని నేర్పే పద్ధతి తరతరాలుగా ఒక్కటే: ‘బై’కి ‘చేత’, ‘బి’తో కూడిన మూడో రూపానికి ‘బడు’, ఆపైన కాలాల పట్టిక. కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పిల్లలు కూడా ఈ పట్టికను కంఠతా పట్టి, పరీక్షలో వాక్యాలు మార్చి మార్కులు తెచ్చుకోగలరు. అయినా సొంతంగా నాలుగు వాక్యాలు రాయవలసి వస్తే ఆ ప్రయోగం చేతికి రాదు. ఇందుకు ముఖ్య కారణం రూపనిర్మాణం కాదని, ఇంగ్లీషు ప్యాసివ్‌కు తెలుగులో జతగా ఎంచుకున్న ‘బడు’ రూపమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

‘చేయబడు’, ‘వ్రాయబడు’ వంటి రూపాల్లోని ‘బడు’ మూలంలో ‘పడు’ ధాతువే. తమిళంలో ‘సెయ్యప్పట్టదు’, కన్నడంలో ‘మాడల్పట్టిదె’ అనే రూపాల్లోనూ దాని సోదర ధాతువే కనిపిస్తుంది. కానీ తెలుగు వ్యవహారంలో ‘పడు’కు సొంత బతుకు ఉంది. దొంగ పట్టుబడతాడు, మనిషి మాట పడతాడు, దూరాన ఓడ కనబడుతుంది. ఇవి రోజూ వినే మాటలు. ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్నది మాత్రం బోర్డుమీద చదివే మాటే తప్ప ఆ ఇంటివారు కూడా నోటితో అనే మాట కాదు. వారు ‘ఇల్లు అద్దెకిస్తాం’ అంటారు. విద్యార్థి తన నోట ఎన్నడూ పలకని రూపాన్ని ఆధారంగా చూపి పరభాషా రూపాన్ని నేర్పడం వల్ల, తెలియని దానితో తెలియని దాన్ని వివరించినట్టవుతోంది.

ఆ కోనసీమ పిల్లలు రోజూ వినే కొబ్బరితోట భాషను గమనిస్తే తెలుగు ఈ పనిని ఎలా నెరవేర్చుకుంటుందో స్పష్టమవుతుంది. ‘నిన్న కాయలు దింపారు’ అనే వాక్యంలో దింపినవారి పేరు లేదు, సర్వనామమూ లేదు. క్రియ చివరి ‘రు’ మాత్రమే ఎవరో మనుషులు ఆ పని చేశారని సూచిస్తుంది. ‘ద కోకోనట్స్ వర్ ప్లక్డ్ యెస్టర్‌డే’ అనే ఇంగ్లీషు వాక్యానికి అసలైన జత ఇదే. దీన్ని మాటకు మాటగా మార్చిన విద్యార్థి ‘కోకోనట్స్ ప్లక్డ్ యెస్టర్‌డే’ అని రాస్తే, ‘వర్’ మరిచిపోయాడని ఎర్రసిరాతో దిద్దడం సులువే. అయితే అది మరుపు కాదు, ఇంగ్లీషు మాటల్లో నిలబడిన తెలుగు వాక్యం. ‘ఒలిచిన’ అనే విశేషణ రూపం మరింత ఆసక్తికరమైనది. ఒలిచిన కాయ, ఒలిచిన మనిషి, ఒలిచిన రోజు అన్నప్పుడు రూపం ఒక్కటే. కాయ కర్మ అనీ మనిషి కర్త అనీ లోకజ్ఞానమే చెబుతుంది. ఇంగ్లీషులో ‘హస్క్‌డ్ కోకోనట్’ అనవచ్చు గానీ, అదే అచ్చులో మనిషిని పెడితే పీచు ఒలిపించుకున్నవాడు అతడే అవుతాడు. తెలుగు పట్టించుకోని ఈ భేదమే కర్మణి ప్రయోగానికి మూలమని మొదటి పాఠంలోనే చెప్పడం అవసరం.

‘చేత’ విషయంలో చిక్కు ఇంకా లోతైనది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఇంగ్లీషు పుస్తకాలు ‘బిల్ట్ బై కాటన్’ అంటాయి. దీనికి బడి అనువాదం ‘కాటన్ చేత కట్టబడినది’. గోదావరి డెల్టా ప్రజలు మాత్రం ‘కాటన్ దొర కట్టించిన ఆనకట్ట’ అంటారు. రాళ్లు మోసినవారు వేరు, పని జరిపించినవాడు వేరు అన్న సత్యాన్ని ‘ఇంచు’ అనే ఒక్క ప్రత్యయం నిలబెడుతోంది. ఆ మోసినవారిని కూడా చెప్పవలసి వస్తే ‘కూలీలచేత కట్టించాడు’ అంటాం. అంటే సజీవమైన తెలుగులో ‘చేత’ ప్రధానంగా ప్రేరణ క్రియకు చెందినది, పురమాయింపు మీద పనిచేసేవారిని సూచించేది. దాన్ని ‘బై’కి స్థిరంగా అంటగట్టడం వల్ల విద్యార్థి మనసులో రెండు వేర్వేరు సంబంధాలు కలిసిపోతున్నాయి. పైగా ఇంగ్లీషు ప్యాసివ్ వాక్యాల్లో ఎక్కువ వాటికి ‘బై’ భాగమే ఉండదు. దాన్ని తప్పనిసరి అంగంగా నేర్పడం వాడుకకు విరుద్ధం.

కర్మ లేని క్రియలకు ఈ ప్రయోగం సాధారణంగా కుదరదని, ‘హ్యావ్’, ‘రిజెంబుల్’ వంటివి కర్మ ఉన్నా లొంగవని వ్యాకరణాలు చెప్పే నియమాలు యథాతథంగా చెల్లుతాయి. తెలుగు జతల విషయానికొస్తే, కార్యాలయ లేఖల్లోని ‘తెలియజేయడమైనది’, ‘నిర్ణయించడమైనది’ అనే రూపాలు కర్తను దాచడంలో ‘బడు’ కన్నా ఇంగ్లీషు ప్యాసివ్‌కు దగ్గరగా ఉంటాయి. సంతలో వినే ‘అమ్ముడుపోయాయి’ కూడా అటువంటిదే.

బోధన ఈ సజీవ రూపాల నుంచే మొదలుకావాలి. చెట్టు నుంచి అంబాజీపేట మార్కెట్ దాకా కాయ ప్రయాణాన్ని విద్యార్థులచేత ముందు తెలుగులో చెప్పించి, కర్త కనిపించని ప్రతి క్రియ కిందా గీత గీయిస్తే, దింపారు, ఒలిచారు, ఎగుమతి చేశారు అనేవి వాటంతట అవే ప్యాసివ్‌లోకి వస్తాయి. అక్కడ ఒక క్రియ దగ్గర మాత్రం ఆగాలి. కాయను పగలగొట్టి చిప్పలను ఎండలో పెడితే ‘కొబ్బరి ఎండబెట్టారు’ అంటాం, కనుక ‘వజ్ డ్రైడ్’ సరిపోతుంది. కాయను పగలగొట్టకుండా అటకమీద నెలల తరబడి ఉంచినప్పుడు, లోపలి కొబ్బరి చిప్పను వదిలి, ఊపితే గలగలమనే కురిడీ అవుతుంది. దాన్ని ఎవరూ ఎండబెట్టలేదు, అది ఎండింది. అక్కడ ఇంగ్లీషులో కూడా ‘డ్రైడ్’ చాలు, ‘వజ్’ అక్కరలేదు.