డిశ్చార్జి కాగితం బీరువాలో దాచకండి: మానసిక చికిత్స తర్వాత మన డాక్టరుకు తెలియవలసినవి

మానసిక చికిత్స పొంది ఇంటికి వచ్చిన వారిని ఆ తర్వాత ఎక్కువగా చూసేది పెద్దాసుపత్రి కాదు. జ్వరానికీ నొప్పులకూ మనం వెళ్లే ఫ్యామిలీ డాక్టరే. అక్కడ ఏ మందు మొదలుపెట్టారో ఆయనకు తెలియకపోతే ప్రమాదం.

మా సంఘ సభ్యుల ఇంట్లో ఒక పెద్దాయన లిథియం వాడుతున్నారు. మొహమాటపడి డాక్టరుకు చెప్పలేదు. మోకాళ్ల నొప్పికి మాత్రలు రాయించుకున్నారు. కొద్దిరోజులకే చేతుల వణుకు, వాంతులు, తూలడం. రక్తంలో లిథియం మోతాదు మించిందని పరీక్షలో తేలింది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మందులు లిథియాన్ని అలా పెంచుతాయి. డిశ్చార్జి కాగితం మాత్రం బీరువాలో భద్రంగా ఉంది.

చట్టం ఏమంటుంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 (అమలు 2018 మే 29 నుంచి) 98వ సెక్షన్ ప్రకారం, డిశ్చార్జి సమయంలో సైకియాట్రిస్టు రోగితోనూ, రోగి ఎంచుకున్న ప్రతినిధితోనూ, ఇంట్లో చూసుకునేవారితోనూ, ఇకపై చూడబోయే సైకియాట్రిస్టుతోనూ తదుపరి చికిత్స గురించి సంప్రదించాలి. ఫ్యామిలీ డాక్టరు పేరు అందులో విడిగా లేదు. కనుక ఆయనకు కాగితం చేర్చే పని మనదే. 25వ సెక్షన్ కింద వైద్య రికార్డులు పొందే హక్కు రోగికి ఉంది. 23వ సెక్షన్ గోప్యతను కాపాడుతుంది; అయితే చికిత్స కోసం ఇతర వైద్యులకు వివరాలు చెప్పడానికి అనుమతిస్తుంది. ఏదైనా రోగితో ముందు మాట్లాడి చేయడం మర్యాద.

డిశ్చార్జి రోజున అడిగి రాయించుకోవలసినవి

1. జబ్బు పేరు, మందులు, మోతాదు, ఎంతకాలం వాడాలి.
2. ఏ మందులతో కలపకూడదు.
3. ఏ రక్తపరీక్ష, ఎన్నాళ్లకొకసారి. క్లోజపిన్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించాలి.
4. ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే తీసుకురావాలి, ఎవరికి ఫోన్ చేయాలి.
5. మళ్లీ చూపించుకోవలసిన తేదీ.

రెండు జిరాక్సులు తీసి ఒకటి ఫ్యామిలీ డాక్టరుకు ఇవ్వండి. ఆయన కొత్త మందు రాస్తే తర్వాతిసారి ఆ చీటీ సైకియాట్రిస్టుకు చూపండి. తగ్గిందనుకుని మందు మీరే ఆపకండి.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. కాగితం ఇంగ్లీషులో, డాక్టరు మాట కన్నడంలోనో తమిళంలోనో, అమ్మమ్మకు వచ్చింది తెలుగు, పిల్లలకు తెలుగు చదవడం రాదు. మందు పేరు ఇంగ్లీషులోనే ఉంచి, వేసుకునే వేళలు మందులిచ్చే మనిషి చదవగలిగే లిపిలో రాసిపెట్టండి.

స్థానిక వైద్యులే మానసిక రోగులను చూడగలరని 1980లలో మన బళ్లారి జిల్లాలోనే నిమ్హాన్స్ చేసి చూపింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. సందేహం వస్తే టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.