ఆరు సబ్బు ముక్కలు, రెండు తాకట్టు చీటీలు

నేను పోలీస్ స్టేషన్‌లో రైటరుగా పనిచేసి రిటైరయ్యాను. శవ పంచనామాలు రాసీ రాసీ, ఏ హత్య గురించి చదివినా నా కన్ను ముందు ఒంటిమీది వస్తువుల జాబితాకే పోతుంది. 1888లో లండన్ వైట్‌చాపెల్ పేటలో ఐదుగురు ఆడవాళ్లను చంపాడనే ‘జాక్ ది రిప్పర్’ ఎవరో నేటికీ తేలలేదు. ఆ కేసులోనూ నన్ను కదిలించింది ఒక జాబితానే. అది కేథరిన్ ఎడోస్‌ది.

సెప్టెంబరు 29 రాత్రి ఆమె తాగి వీధిలో పడి ఉంటే బిషప్స్‌గేట్ స్టేషన్‌కు తెచ్చారు. మత్తు దిగాక ఒంటిగంటకు వదిలేశారు. బీటు కానిస్టేబుల్ వాట్కిన్స్ ఒకటిన్నరకు చూసినప్పుడు మైటర్ స్క్వేర్‌లో ఎవరూ లేరు. పావుగంటకు మళ్లీ వచ్చేసరికి ఆమె శవం ఉంది.

ఆమె ఒంటిమీద దొరికినవి ఇవి: ఒక రేకు డబ్బాలో టీపొడి, ఇంకోదాంట్లో పంచదార. ఆరు సబ్బు ముక్కలు. పేల దువ్వెన, సూదులు, గుండీలు, పన్నెండు గుడ్డపేలికలు. విరిగిన కళ్లజోడు ముక్క. ఎర్ర చేతితొడుగు ఒక్కటే. ఆవపొడి డబ్బాలో రెండు తాకట్టు చీటీలు. డబ్బు మాత్రం ఒక్క పెన్నీ లేదు.

ఇల్లంటూ లేని మనిషి సంసారమంతా ఒంటిమీదే మోసుకు తిరిగింది. అప్పట్లో ఆ పేట సత్రాల్లో మంచానికి రాత్రికి నాలుగు పెన్నీలు కట్టాల్సి వచ్చేది. ఆ ఐదుగురిలో ఆమెకు ముందు చనిపోయిన మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్ ఆ డబ్బుల్లేకే అర్ధరాత్రి దాటాక వీధిన పడ్డారు. హంతకుడికి వాళ్లను చిక్కేలా చేసింది ఆ బీదరికమే.

అప్పటికి పోలీసులకు వేలిముద్రల పద్ధతి లేదు. 1897లో మన కలకత్తాలో బ్యూరో పెట్టాక, 1901లో గానీ అది స్కాట్లండ్ యార్డ్‌కు చేరలేదు. ఎడోస్ ఎవరో తేల్చింది తాకట్టు చీటీలే. వాటి సంగతి పేపర్లో చదివి, ఆమెతో కాపురమున్న జాన్ కెల్లీ పోలీసుల దగ్గరికొచ్చాడు. అందులో ఒకటి అతని బూట్లు కుదువపెట్టిన చీటీ.

కొత్తగా చేరే రైటర్లకు నేను చెప్పేది ఇదే. అనాథ శవమని తొందరపడకండి. పేలికైనా, గుండీ అయినా కనబడిందల్లా రాయండి. హంతకుడు చిక్కినా చిక్కకపోయినా, పోయిన మనిషి ఎవరో తేలాలి, అయినవాళ్లకు కబురందాలి. అంతవరకు మన పని పూర్తికానట్టే.