ఓడలను గుర్తించే వేడి కన్ను – ఒక చరిత్ర

సముద్రం లేని కర్నూలు, కడప జిల్లాల విశ్రాంత ఉద్యోగులకు ఓడల సంగతి దేనికని మిత్రులు అడగవచ్చు. కానీ దీనికి మూలమైన సూత్రం మన మిద్దెల మీదే ఉన్నది. మే నెలలో కడప బండలు పరచిన మిద్దె మీద మంచం వేసుకొన్నవారికి తెలుసు, పొద్దుగూకి చాలాసేపైనా, తాకకుండానే, బండ సెగ వంటికి తగులుతుంది. కంటికి కానరాని ఆ సెగనే పరారుణ కిరణాలంటారు. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపు రంగుకు అవతల, ఏ వెలుగూ లేని చోట ఉష్ణమాపకం పెట్టి చూస్తే ఉష్ణోగ్రత పెరిగింది. యురేనస్ గ్రహాన్ని కనిపెట్టినవాడూ ఆయనే.

ఇక 1971. కరాచీపై మన నౌకాదళం చేసిన దాడి వార్తలను రేడియోలో విన్న తరం మనది. డిసెంబరు 4 రాత్రి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే చిన్న క్షిపణి పడవలు వెళ్ళి ఖైబర్ యుద్ధనౌకను ముంచాయి. 8వ తేదీ రాత్రి వినాశ్ మళ్ళీ వెళ్ళింది. ఆ రాత్రి పనామా జెండా గల గల్ఫ్ స్టార్ మునిగింది, బ్రిటిషు నౌక హర్మట్టన్ దెబ్బతిన్నది. ఆ యుద్ధంతో వాటికి సంబంధం లేదు. విజయం గురించి మనం ఎన్నోసార్లు చెప్పుకొన్నాం గానీ, ఈ రెండు ఓడల ఊసు ఎక్కువగా ఎత్తలేదు. రాడార్‌కు చీకట్లో ఓడ ఒక చుక్క మాత్రమే. ఆ చుక్క శత్రువుదా, పొట్టకూటికి తిరిగే వర్తకుడిదా అన్నది దానికి తెలియదు.

పరారుణ కన్ను చుక్కను కాదు, రూపాన్ని చూపుతుంది. సముద్రపు నీరు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లబడుతుంది. ఓడ ఇనుము అలా కాదు. పొగగొట్టం, ఇంజను గది ఎప్పుడూ వెలుగుతున్నట్లే కనిపిస్తాయి. అయితే ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఓడ పక్కలకూ నీటికీ ఉష్ణోగ్రత దాదాపు సమానమై బొమ్మ మసకబారుతుంది. గాలిలో తేమ హెచ్చినా అంతే. 3–5, 8–12 మైక్రాన్ల మధ్య కిరణాలనే గాలి బాగా పోనిస్తుంది.

మనదేశంలో ఈ విద్య హైదరాబాదు ప్రయోగశాలల్లో పెరిగింది. 1983లో మొదలైన క్షిపణుల పథకంలో ట్యాంకులను కొట్టే నాగ్‌కు ఇటువంటి కన్నే అమర్చారు. రాజస్థాన్ ఎండలో ట్యాంకూ ఇసుకా ఒకే వేడికి వచ్చేసరికి అది తికమకపడింది. బనగానపల్లె బండల మీద మిట్టమధ్యాహ్నం నడిచినవారికి ఇది ఆశ్చర్యం కాదు.

నౌకలను కొట్టే స్వల్పదూర క్షిపణిని 2022 మే 18న చాందీపూర్ వద్ద సీకింగ్ హెలికాప్టరు నుండి తొలిసారి పరీక్షించారు. 2025 ఫిబ్రవరి 25న జరిగిన పరీక్ష ఇంకా విశేషం. క్షిపణి మొదట పెద్ద లక్ష్యాన్ని పట్టుకొన్నది. తాను చూస్తున్న బొమ్మను పైలట్‌కు పంపుతూనే ఉన్నది. చివరి దశలో ఆయన చాటున ఉన్న చిన్న లక్ష్యాన్ని ఎంచుకొంటే దానినే తాకింది. యంత్రం చూసింది, మనిషి నిర్ణయించాడు. నా దృష్టిలో అసలు మార్పు ఇదే.

మన కర్నూలు వంతు కూడా వచ్చింది. ఓర్వకల్లు మండలంలోని నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్‌లో 2025 జులై 25న డ్రోన్ నుండి వదిలే యూఎల్‌పీజీఎం-వీ3 క్షిపణిని పరీక్షించారు. అది పగలూ రాత్రీ పనిచేస్తుంది. వదిలిన తరువాత కూడా లక్ష్యాన్ని మార్చే ఏర్పాటు దానికీ ఉన్నది.