ఇల్లూ వాడా ఇచ్చిన అండ
మా అమ్మమ్మగారి ఊరు కొల్లిపర. పసుపు ఉడకబెట్టే రోజులొస్తే మా చిన్నమామయ్యకు కళ్లంలో రోజూ పనుండేది. లెక్కలు రావు, మాట తడబడేది, కానీ కొమ్ములు ఏరడంలో తప్పు చేసేవాడు కాదు. ఎవరైనా గద్దిస్తే వణికిపోయేవాడు. అమ్మమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే తేరుకునేవాడు. అప్పట్లో ఇల్లూ వాడా తప్ప ఆయనకు వేరే ఆసరా లేదు.

ఇలాంటివారి కోసం 1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం సంరక్షకుల నియామకానికి దారి చూపింది. నలుగురితో కలిసి బతకడం వీరి హక్కని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పింది.

చట్టం హక్కునిస్తుంది, ధైర్యమిచ్చేది తెలిసిన మనుషులే. మీ వీధిలో అలాంటివారుంటే పలకరించండి, చేతనైన పని అప్పగించండి.