కట్టుబాటూ కృపా

హైదరాబాదులో నారాయణగూడ, చిక్కడపల్లి దాటి ముషీరాబాదు వైపు పోయేవారికి గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను ప్రార్థనామందిరం కనిపిస్తుంది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదువుకై ఇంగ్లండు వెళ్లి, 1932లో కెనడాలో బాప్తిస్మం పొందిన భక్తసింగ్ (1903-2000) నెలకొల్పిన మందిరమది. ఆయన బోధకు మూలమైన మాట ఒకటే: మోక్షం ఆచారాలు పాటించి సంపాదించుకునేది కాదు; విశ్వసించినవానికి దేవుడు కృపతో ఇచ్చేది. ఇది సత్యమా కాదా అన్నది విశ్వాసులు తేల్చుకోవలసిన విషయం. మనం అడగవలసిన ప్రశ్న వేరు. ఆచారమే సంఘానికి వెన్నెముక అయిన దేశంలో యీ మాట ఎవరి చెవిన పడింది? పడి ఏం చేసింది?

యీ సిద్ధాంతం పుట్టుకలోనే పంక్తిభోజనపు తగవు వుంది. యూదులు కానివారు క్రీస్తును నమ్మితే చాలునా, సున్నతి కూడా పొందాలా? అంతియొకయలో అన్యులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము నుండి కొందరు రాగానే వెనక్కు తగ్గాడు. పౌలు అతన్ని అందరి ముందూ నిలదీశాడు. గలతీయులకు పౌలు రాసిన ఉత్తరంలో యీ ఘట్టం వుంది. 1517లో లూథర్ ఎదిరించినది పాపపరిహార పత్రాల అమ్మకాన్ని. అక్కడ అడ్డుగోడ జాతి, ఇక్కడ డబ్బు. తెలుగుదేశానికి వచ్చేసరికి అది కులమయింది.

1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ చేత బాప్తిస్మం పొందాడు. మాదిగలను చేర్చుకుంటే తాము రామని పైకులాలవారు స్పష్టంగా చెప్పారు. క్లఫ్ మాదిగలనే ఎంచుకున్నాడు. తర్వాత పెద్ద కరువు వచ్చింది. ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టుకు తీసుకుని కూలి కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపివేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పుట్టుకతోనే అపవిత్రుడివని తరతరాలుగా విన్నవాడికి, నీ అర్హతతో నిమిత్తం లేదన్న మాట ఎలా వినిపించి వుంటుందో ఊహించడం కష్టం కాదు.

అయితే ఇక్కడ ఒక వైరుధ్యం వుంది. కృపకు షరతులు లేవని చెప్పిన మిషను మూడు కట్టుబాట్లు పెట్టింది: ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి ఇవి మతనియమాలే. కాని మాదిగవాడు ఆదివారం పనికి రాకపోతే ఆసామి పని ఆగుతుంది. జాతరలో డప్పు కొట్టకపోతే ఊరి కొలువు ఆగుతుంది. గ్రామపెద్దలు ఇది వెంటనే గ్రహించారు. బావులు ముట్టనివ్వలేదు, పనులు మానిపించారు, కొట్టించారు. అనగా సిద్ధాంతంలో రెండో స్థానమైన కట్టుబాటే పల్లెలో తిరుగుబాటుకు రూపమిచ్చింది. కట్టుబాటు ఉన్నదా లేదా అన్నది కాదు ప్రశ్న. అది ఎవరి మీద ఎవరు పెట్టినది, ఎవరికి ఊపిరాడనిచ్చినది అన్నదే ప్రశ్న.

కాలక్రమాన మిషను సంఘాలలో జీతాలు, పదవులు, అధికారశ్రేణులు పెరిగాయి. భక్తసింగ్ వాటిని కాదన్నాడు. 1941లో మద్రాసులో మొదలైన ఆయన సమాజాలలో బిరుదులు లేవు, జీతాలు లేవు. జనం చాపలమీద కూర్చుని ఆరాధించారు. ప్రేమవిందులో వరుసగా కూర్చుని కలిసి భోంచేశారు. అంతియొకయ పంక్తి ముషీరాబాదులో మళ్లీ సాగిందన్నమాట. ఇది చిన్న విషయం కాదు. కాని ఇక్కడా స్త్రీలకు ముసుగు తప్పలేదు, వేరుగా కూర్చోవడం తప్పలేదు. గోడ ఒకచోట పడితే మరోచోట లేస్తూనే వుంది.

ప్రాంగణం వెలుపల మరో గోడ లేచింది. 1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాలవారిగా గుర్తించరాదన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు దొరికింది. క్రైస్తవ దళితులకు దొరకలేదు. ఆంధ్రప్రదేశ్ వారిని 1970లో వెనుకబడిన తరగతులలో సి వర్గంగా చేర్చి ఒక్క శాతం ఇచ్చింది. మతం మారినంత మాత్రాన ఊళ్లో వెలి పోలేదు. కాగితంలో మాత్రం కులం పోయింది.

దేవుని ముందు అర్హత అడగరని ఒంగోలు మాదిగలు విన్నారు, నమ్మారు. పంక్తిలో కూర్చోవడానికి, బావిలో నీరు తోడుకోవడానికి, చట్టం ముందు నిలవడానికి మాత్రం వారి మనుమలను అర్హత అడుగుతూనే వున్నారు. అడిగేది దేవుడు కాదు, మనమే. కనుక జవాబు చెప్పవలసిందీ మనమే.