ఇంజను ఊపిరి

కోడూరు పొలములలో కాలువనీరు ఎక్కనిచోట ఆయిల్ ఇంజను మ్రోత మనకు క్రొత్త కాదు. దాని ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడుకొనినచో నల్లని పొగ వచ్చును; నీటిధార సన్నగిల్లును. ఇంజను బలము దాని ఊపిరిలో కలదని రైతు అప్పుడే గ్రహించును. పందెపు కార్లను తీర్చినవారును ఈ సత్యమునే నమ్ముకొనిరి.

ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండుటకు, బరువున, దాదాపు 14.7 వంతుల గాలి కావలెను. పెట్రోలు ఎక్కువ పోయుట సులభము. గాలిని లోనికి తెచ్చుటయే కష్టము. గాలిని బలవంతముగా నెట్టు యంత్రమును కొందరు ఇంజనునకు తగిలింతురు. అట్టి సాయము లేనిచో దారులు కొన్నియే: వాల్వులను పెంచుట, గాలి పోవు మార్గములను నునుపుచేయుట, క్యామును మార్చుట, కంప్రెషన్ హెచ్చించుట, మరింత వేగముగా త్రిప్పుట. 1912లో ఫ్రెంచి గ్రాండ్ ప్రి పందెమున, సిలిండరునకు నాలుగు వాల్వులు గల 7.6 లీటర్ల ప్యూజో ఇంజను, 14 లీటర్ల ఫియట్లను ఓడించినది.

అయితే ప్రతి లాభమునకును వెల కలదు. కంప్రెషన్ మితిమీరినచో పెట్రోలు తనంత తానే మండి పిస్టనును దెబ్బతీయును. క్యాము మార్చిన ఇంజను నెమ్మదిగా నడుచునపుడు తడబడును. ఆయువు తగ్గును, ఖర్చు పెరుగును.

మన దక్షిణదేశమున 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు, షోలవరములోని పాత విమానముల బాటపై పందెములు నడిపెను. ఫియట్, అంబాసిడర్ కార్ల ఇంజనులను విప్పి, సానపట్టి, అచట పరుగెత్తించిరి. ఆ విద్యలో ఆరితేరినవారిలో సుందరం కరివర్ధన్ ఒకరు. వీరు కోయంబత్తూరులోని తెలుగు కుటుంబమున 1954లో జన్మించిరి. ధనవంతుడే గెలుచు పందెము నిలువదని తలచిరి కాబోలు, ఫార్ములా మారుతి కారును రూపొందించి, అందరికిని ఒకే 796 సి.సి. ఇంజనును నియమించిరి. 1995లో వీరు మరణించిరి. ఆ కార్లలో నేర్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ పందెములలో ప్రవేశించెను. అతని జోర్డాన్ కారులోని 3 లీటర్ల టొయోటా ఇంజనును సహజముగా గాలి పీల్చునదే.

పందెపు ఇంజను వేగమునకై తీర్చినది; చేలోనిది రాత్రియంతయు నిలువవలెను. కావున మేము రైతుసోదరులకు చెప్పునది ఒక్కటే: బలము చాలలేదని ఇంజనును విప్పుటకు ముందు ఎయిర్ ఫిల్టరును శుభ్రపరచుడు.