కాటాకు అందని మత్తు

నర్సీపట్నం నుంచి రోలుగుంట మీదుగా చోడవరం వైపు వచ్చే రోడ్డులో పోలీసులు బండి ఆపారంటే ఏం వెతుకుతున్నారని ఎవరూ అడగరు. సీటు కింద దాచినా, కూరగాయల బస్తాల మధ్య దాచినా గంజాయి తన ఉనికి తానే చెప్పేస్తుంది. మన్యంలో పండే ‘శీలావతి’ రకం గంజాయి కిందికి దిగే దారుల్లో ఇదొకటి. దొరికితే మధ్యవర్తుల సమక్షంలో తూకం, నమూనాలు, లక్క సీళ్లు. కాటా మీద 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, ఇక బెయిలు గగనమే. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద 2001లో వెలువడిన అదే పట్టికలో ఫెంటనిల్ అనే మందు కూడా ఉంది. దాని వాణిజ్య పరిమాణం 0.1 గ్రాము. అంటే గంజాయికీ దానికీ తేడా రెండు లక్షల రెట్లు. సంతలో కాటా కాదు, కంసాలి త్రాసు కూడా చాలదు దానికి.

ఈ రెండు అంకెల మధ్య వందేళ్లకు పైబడిన కథ ఉంది.

మొదట అంతా నల్లమందే. 1893–95లో రాయల్ కమిషన్ విచారణ జరిపినప్పుడు, మద్రాసు రాష్ట్రంలో వాడకం బాగా ఉన్న చోట్లలో గోదావరి ప్రాంతం ఒకటని తేలింది. చలిజ్వరాల సీమలో అదే కాపు అని జనం నమ్మకం. 1857, 1878 నాటి నల్లమందు చట్టాలకు జనం ఆరోగ్యం కన్నా ఖజానా రాబడే ముఖ్యం. ఎవరు పండించాలి, ఎవరు అమ్మాలి, దొరలకు ఎంత ముట్టాలి అన్నదే అందులో సారం. 1930లో వచ్చిన ప్రమాదకర మందుల చట్టం నాటికి గాని మార్ఫిన్, హెరాయిన్, కొకైన్ లాంటి ‘తయారు చేసిన మందులు’ అన్న మాట మన దగ్గర గట్టిగా నిలబడలేదు.

దొంగదారి మాత్రం అప్పటికే తెరుచుకుంది. 1925 నాటి జెనీవా ఒప్పందం హెరాయిన్‌ను కట్టడి చేసేసరికి, కొందరు మార్ఫిన్ అణువుకే వేరే తోక తగిలించి డైబెంజాయిల్‌మార్ఫిన్ లాంటివి బయటికి తెచ్చారు. మత్తు అదే, పేరు వేరు. ఓటరు లిస్టులో ఇంటిపేరు ఒక అక్షరం తప్పితే మనిషి ఎదురుగా నిలబడ్డా మీరు కాదు పొమ్మంటారు చూడండి, సరిగ్గా అలాంటి చిక్కే. 1930లో నానాజాతి సమితి అడ్డుపడి ఆ తలుపు మూసింది. చట్టానికి చిక్కకుండా అణువును సవరించడం ఇంటర్నెట్ కాలపు తెలివి అనుకునేవాళ్లు ఆ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

అంతవరకూ మార్ఫిన్ జాతి మందు ఏదైనా గసగసాల చేను నుంచి రావలసిందే. 1930ల చివర జర్మనీలో పెథిడిన్, మెథడోన్ పుట్టాయి. వాటికి చేను అక్కర్లేదు, కొలిమి లాంటి ప్రయోగశాల చాలు. పంట మీద కట్టిన కంచె వీటికి ఏం పనిచేస్తుంది? అందుకే 1948లో పారిస్‌లో ప్రత్యేకంగా మరో ఒడంబడిక రాసుకోవలసి వచ్చింది. అన్నిటినీ కలిపి 1961లో ఐక్యరాజ్య సమితి ఒకే ఒప్పందం చేసింది. దాని తడి ఆరకముందే బెల్జియంలో పాల్ జాన్సెన్ ఫెంటనిల్ తయారు చేసి ఉన్నాడు. మార్ఫిన్ కన్నా దాదాపు వంద రెట్లు బలమైన మందు అది. ఆపరేషన్ థియేటరులో వరం, బయట మృత్యువు.

1979లో కాలిఫోర్నియాలో కొందరు చనిపోయారు. లక్షణాలన్నీ హెరాయిన్ మోతాదు మించినట్టే ఉన్నాయి, పరీక్షల్లో మాత్రం హెరాయిన్ జాడ లేదు. చివరికి తేలింది ఆల్ఫా మిథైల్ ఫెంటనిల్, జాబితాలో లేని చుట్టం. అమెరికా 1984లో అత్యవసరంగా జాబితాలో చేర్చే అధికారం తెచ్చుకుంది. 1986లో ఇంకో అడుగు వేసి, నిషిద్ధ మందుకు ‘గణనీయంగా దగ్గరగా’ ఉన్నదీ నిషిద్ధమే అంది. వినడానికి బాగుంది గాని, ఎంత దగ్గరైతే దగ్గర? కోర్టులో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు రెండు మాటలు చెబితే జూరీ ఏం చేస్తుంది? ఆ తిప్పలు పడీ పడీ 2018లో ఫెంటనిల్ వంశాన్నంతా ఒక్క పద్దు కింద పెట్టారు. 2019 మే 1 నుంచి చైనా కూడా అదే చేసింది. దాంతో అక్రమ తయారీదారుల చూపు 1950ల చివర స్విట్జర్లాండ్‌లో కనిపెట్టి వదిలేసిన నైటాజీన్ల మీద పడింది.

మన ఎన్‌డీపీఎస్ చట్టం 1985 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. అది వంశాల జోలికి పోలేదు. పేరు ఉంటే నేరం, లేకపోతే లేదు. కొత్తది వస్తే గెజిట్‌లో ఒక పంక్తి చేరుస్తారు. కేటమిన్ 2011లో, మెఫెడ్రోన్ 2015లో అలా చేరినవే. ఇది నత్తనడక అని విమర్శ. కాని ఏది నేరమో జనానికి ముందే తెలిసి ఉండాలన్న నియమం వైపు నుంచి చూస్తే, ఈ నత్తే నయమని నాకనిపిస్తుంది.

ట్రమడాల్ సంగతి చూడండి. 1977లో జర్మనీ మార్కెట్లోకి వచ్చిన నొప్పి మాత్ర. మన పల్లెల్లో నడుం నొప్పికి, విరిగిన ఎముకకు డాక్టర్లు రాసేదే. 2014 మార్చి నుంచి దాన్ని షెడ్యూల్ హెచ్1 కిందికి తెచ్చారు. మండల కేంద్రంలో ఏ మందుల షాపుకైనా వెళ్లి చూడండి. స్ట్రిప్పు మీద ఎర్ర అంచు పెట్టె, లోపల హెచ్చరిక. కౌంటరు కింద అట్ట నలిగిన రిజిస్టరు. అందులో రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని మాత్రలు అన్న గడులు. మూడేళ్లు దాచాలి. ఒక కంట్లో చీటీ, ఒక కంట్లో గిరాకీ పెట్టుకుని ఆ గడులు నింపేవాడే ఈ దేశంలో మత్తు చట్టానికి మొదటి కాపలాదారు. 2017లో ఇటలీ రేవుల్లో భారత్ నుంచి వెళ్లిన ట్రమడాల్ మాత్రలు కోట్లలో పట్టుబడ్డాయి. మరుసటి ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఎన్‌డీపీఎస్‌లో చేర్చింది. 250 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం.

అప్పుడు ముందుకొచ్చింది దాని తమ్ముడు టాపెంటడాల్. ట్రమడాల్‌ను తెచ్చిన జర్మన్ కంపెనీ బిడ్డే. 2025 ఫిబ్రవరిలో టాపెంటడాల్, కారిసోప్రొడాల్ కలిపిన మాత్రలు మహారాష్ట్ర నుంచి పశ్చిమాఫ్రికాకు పోతున్నాయని బీబీసీ బయటపెడితే, కేంద్రం ఆ మిశ్రమానికి ఎగుమతి అనుమతులు వెనక్కి తీసుకుంది. ఆ రోజుకి టాపెంటడాల్ పేరు ఎన్‌డీపీఎస్ జాబితాలో లేదు. అన్నను కట్టేస్తే తమ్ముడు నడిచాడు.

గట్టిగా బిగిస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. 1985 చట్టం తర్వాత లైసెన్సుల భయానికి చాలా ఆస్పత్రులు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేశాయి. క్యాన్సరు నొప్పితో మూలిగేవాళ్లకు పారాసిటమాలే గతి అయింది. 2014 సవరణ వచ్చాక, 2015లో మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ సహా ఆరు మందులను ‘అత్యావశ్యక మాదక ఔషధాలు’గా ప్రకటించి దేశమంతా ఒకే నిబంధన పెట్టారు. రోలుగుంట మండలంలోనే అర్ల పంచాయతీ కొండ మీది గూడేల నుంచి రోగిని డోలీలో మోసుకొస్తారు. అక్కడి మనిషికి క్యాన్సరు నొప్పి మందు కావాలంటే కొండ దిగి, బస్సులు మారి విశాఖ దగ్గర అగనంపూడి హోమీ భాభా లాంటి ఆస్పత్రి దాకా పోవాలి. అక్కడ ఛాతీ మీద అంటించే చిన్న ఫెంటనిల్ పట్టీ మూడు రోజులు పనిచేస్తుంది. మిల్లీగ్రాముల్లో కొలిచి జైలుకు పంపే మందే అది.

ఇప్పుడు ప్రపంచం చూపు మందు మీద కన్నా ముడిసరుకు మీదకు మళ్లింది. 1988 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందం ముడిసరుకుల పట్టికలు మొదలుపెట్టింది. మన చట్టంలో ముడిసరుకును అదుపు చేసే 9ఏ సెక్షన్ 1989లో చేరింది. ఫెంటనిల్ ముడిసరుకుల్లో 2017లో ఎన్‌పీపీ, ఏఎన్‌పీపీ, 2022లో మరో మూడు, 2024లో 4-పైపెరిడోన్, దాని బాక్ రూపం అంతర్జాతీయ పట్టికకెక్కాయి. 2025 మార్చిలో హైదరాబాద్ కంపెనీ ఒకటి ఆ బాక్ రూపాన్ని అమ్మిందని అమెరికా ప్రాసిక్యూటర్లు అభియోగం మోపారు. అప్పటికి అది అభియోగమే, తీర్పు కాదు.

మన అనకాపల్లి జిల్లాకు ఒక కొసన గంజాయి దిగే కొండలు, ఇంకో కొసన పరవాడ, అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలు. కొండ దిగే బండిలో వాసన ఉంటుంది. ఫ్యాక్టరీ సరుకుతో వచ్చే లారీని ఆపిన కానిస్టేబుల్‌కు కనిపించేది నీలం డ్రమ్ములో తెల్ల పొడి, దాని మీద లేబులు, డ్రైవరు చేతిలో ఇన్వాయిస్. ఆ కాగితం మీద రాసిన పేరు చదివి, లారీని పక్కకు తియ్యమనాలో పొమ్మనాలో అతనే తేల్చుకోవాలి.